గింజ అమ్మితే వ్యాపారం, మొక్క పెంచితే జైలా?

పట్నాల్లో పెద్ద షాపుల్లో ఇప్పుడు హెంపు గింజల ప్యాకెట్లు అమ్ముతున్నారు. హెంపు నూనె, హెంపు చొక్కాలు, హెంపు సబ్బులు అమ్ముతున్నారు. 2021 నవంబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఈ గింజల్ని, గింజల నూనెని, పిండిని తిండి సరుకుగా ఒప్పుకుని గెజిట్‌లో వేసింది. కిలో గింజల్లో మత్తు పదార్థం 5 మిల్లీగ్రాములు దాటకూడదని కొలత కూడా పెట్టింది. కొనేవాడికి రక్షణ ఉంది, అమ్మేవాడికి బిల్లు పుస్తకం ఉంది.

మరి ఆ గింజ కాసే మొక్క ఏది? గంజాయి మొక్కే. అదే జాతి, అదే ఆకు. కాకపోతే మత్తు బాగా తక్కువుండే రకం. కాడ నుంచి నార వస్తుంది, గింజ నుంచి నూనె వస్తుంది. సర్కారు కాగితాల్లో దీన్ని ఇండస్ట్రియల్ హెంపు అంటారు. మన భాషలో నార గంజాయి అనుకుందాం.

ఈ నార గంజాయిని పర్మిట్ లేకుండా మన ఊళ్లో ఒక కూలోడు పెరట్లో పెంచితే? పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇదీ మన దేశపు చట్టం. ప్యాకెట్టులో పోసిన గింజకు చట్టం మర్యాద చేస్తుంది. మట్టిలో వేసిన గింజకు బేడీలేస్తుంది. షాపు ఎవరిదో, మట్టిలో చేతులు ఎవరివో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే ఈసారి మేము ఈ చట్టం గురించి రాస్తున్నాం. ఇది కంపెనీలోళ్ల సంగతిలే, మనకెందుకులే అని పక్కన పెట్టకండి.

చట్టంలో ఏముంది?

1985లో పార్లమెంటు మత్తు మందుల చట్టం చేసింది. ఇంగ్లీషులో పొట్టిగా ఎన్.డి.పి.ఎస్. అంటారు. ఆ ఏడాది నవంబరు 14 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో మనం గుర్తు పెట్టుకోవాల్సిన సెక్షన్లు నాలుగైదే.

2వ సెక్షన్ గంజాయి అంటే ఏమిటో చెబుతుంది. పూత, కాయలతో ఉన్న కొసలే గంజాయి. కొసలతో కలిసి లేని ఆకు, గింజ గంజాయి కాదు. అందుకే ఉత్తరాదిన కొన్ని రాష్ట్రాల్లో భంగు దుకాణాలు సర్కారు లైసెన్సుతోనే నడుస్తున్నాయి. భంగు ఆకుతో చేసేది కాబట్టి! పండగ పేరుతో తాగితే ఆచారం అన్నమాట.

8వ సెక్షన్ గంజాయి జాతి మొక్క ఏదైనా సరే పెంచకూడదంటుంది. మత్తు ఎక్కువా తక్కువా అని చూడదు. 20వ సెక్షన్ శిక్ష చెబుతుంది. పెంచితే ఎంతో పైన రాశాం. కిలో గంజాయి దాకా తక్కువ పరిమాణం. 20 కిలోలు దాటితే వ్యాపార పరిమాణం, పదేళ్లకు తగ్గని శిక్ష, ఇరవయ్యేళ్ల దాకా వెయ్యొచ్చు.

37వ సెక్షన్ బెయిలుకి అడ్డం పడుతుంది. వ్యాపార పరిమాణం కేసయితే, ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని జడ్జికి తోస్తేనే బెయిలు. విచారణ మొదలు కాకముందే నువ్వు నిర్దోషివని చూపించుకోవాలి. చార్జిషీటుకు 180 రోజుల గడువు. అది చాలదంటే కోర్టు ఏడాది దాకా పొడిగించొచ్చు.

ఇక 14వ సెక్షన్. ఇది చాలామందికి తెలీదు. నార కోసం, గింజ కోసం, పరిశ్రమ అవసరాలకు ఈ మొక్కను పెంచుకోవడానికి ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా అనుమతి ఇవ్వొచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. అంటే 1985 నుంచే తలుపు ఉంది. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో కూడా నార, గింజల కోసం చేసే సాగుకు మినహాయింపు ఉంది. తాళం చెవి మాత్రం సర్కారు జేబులో ఉంది. ఆ తాళం ఎప్పుడు తీశారు, ఎవరికి తీశారు అనేదే అసలు ప్రశ్న.

తలుపు ఎవరికి తీశారు?

ముప్పై ఏళ్లు ఆ తలుపు దగ్గరికి ఎవరూ పోలేదు. ప్రపంచ మార్కెట్లో హెంపుకు గిరాకీ పెరిగాక ఒక్కసారిగా అందరికీ 14వ సెక్షన్ గుర్తొచ్చింది. 2018లో ఉత్తరాఖండ్ ప్రభుత్వం వ్యాపార సాగుకి దేశంలో మొట్టమొదటి లైసెన్సు ఇచ్చింది. ఆ లైసెన్సు పోయింది కొండ రైతు పేరు మీద కాదు, హెంపు పరిశ్రమోళ్ల సంఘం పేరు మీద. హిమాచల్ ప్రదేశ్ అసెంబ్లీ 2024 సెప్టెంబరులో సాగుకు అనుకూలంగా తీర్మానం చేసింది. 2025 జనవరిలో అక్కడి మంత్రివర్గం రెండు వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలతో ప్రయోగ సాగుకు ఒప్పుకుంది.

ఉత్తరాఖండ్ పెట్టిన గీత 0.3 శాతం. మత్తు పదార్థం టీహెచ్‌సీ, ఎండబెట్టిన పంట కిలోలో 3 గ్రాములు దాటకూడదు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ టీహెచ్‌సీ కంటికి కనపడదు, చేతికి తగలదు. ల్యాబులో మిషను చెప్పాలి. మన దేశపు కొండల్లో తరతరాలుగా మొలిచే మొక్కల్లో చాలావాటికి ఆ శాతం గీతకు ఎంతో పైన ఉంటుంది. కాబట్టి గీత దాటని విత్తనం రైతు ఇంట్లో ఉండదు. పరిశోధన కేంద్రం ఇవ్వాలి, లేకపోతే కంపెనీ అమ్మాలి. కోత ఆలస్యమైతే శాతం పెరుగుతుంది. పక్క కొండ నుంచి గాలికి పుప్పొడి కొట్టుకొస్తే విత్తనం చెడి, మరుసటి పంట గీత దాటొచ్చు.

దాటితే ఏమవుతుంది? పంట నాశనం చెయ్యాల్సిందే. విత్తనం ఇచ్చినోడు ఇంట్లో ఉంటాడు, నష్టపోయినోడు చేలో ఉంటాడు. పత్తి విత్తనాల కతలో మనం చూసిందేగా! వరంగల్, గుంటూరు జిల్లాల్లో నకిలీ విత్తనం కొని పురుగుమందు తాగినోళ్ల మీద కనీసం కేసులు పెట్టలేదు. ఈ పంటలో విత్తనం మోసం చేస్తే అప్పుతో పాటు జైలు భయం కూడా రైతుదే.

ఇంకో ముఖ్యమైన సంగతి భూమి కాగితం. లైసెన్సంటే సర్వే నంబరు, పాసుపుస్తకం, హద్దులు చూపించాలి. మాల మాదిగల్లో పాసుపుస్తకం ఉన్నోళ్లు ఎంతమంది? కౌలుకి చేసేవాళ్ల సంగతేంటి? కౌలుదార్ల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇంకో చట్టం వచ్చాయి. అయినా ఆసామి సంతకం పెట్టక కార్డు రాని కౌలుదార్లు ఊరూరా ఉన్నారు. ఎరువుల లోనుకే సంతకం పెట్టని ఆసామి గంజాయి జాతి మొక్కకు పెడతాడా? పెడితే లైసెన్సు తన పేరున తీసుకుంటాడు. చాకిరీ మనతో చేయించుకుంటాడు. తనిఖీకి వచ్చిన రోజు చేలో ఉండేది మనం.

మొక్కకూ కులం అంటగట్టారు

కుమావూ, గఢ్వాల్ కొండల్లో ఈ మొక్క నారతో తాళ్లు పేనడం, గోనెలు, ముతక గుడ్డలు నేయడం ఈనాటి పని కాదు. 19వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ కూడా ఆ కొండల నుంచి ఈ నార కొన్నది. అప్పటి ఇంగ్లీషు అధికారులు రాసిపెట్టిన వివరాల్లో ఒక సంగతి ఉంది. అక్కడి బ్రాహ్మణులు, రాజపుత్రులు ఈ పంట వెయ్యడం తమ కులానికి తలవంపని దూరంగా ఉన్నారు. కింది కులాలుగా చూసినవాళ్లే వేశారు, నార తీశారు, నేశారు. మన దగ్గర 'నీ ఇంట జిల్లేళ్లు మొలవ' అని శాపనార్థాలు పెట్టినట్టు, అక్కడ ఎదుటోణ్ని తిట్టాలంటే ఈ మొక్క నీ ఇంట మొలవ అనేవాళ్లట.

చాకిరీగా ఉన్నన్నాళ్లూ అంటరాని పంట. లాభం కనపడగానే అదే పచ్చ బంగారం, స్టార్టప్పు, పర్యావరణ సేవ! శపించిన నోళ్లే ఇప్పుడు సదస్సులు పెడుతున్నాయి. తోలు పనిలో మాదిగలకు జరిగింది ఇదే. చెప్పు కుట్టినన్నాళ్లూ ఊరి బయట ఉంచారు. ఫ్యాక్టరీ పెట్టి విదేశాలకు పంపే రోజు వచ్చేసరికి ఓనర్లు వేరేవాళ్లు.

నార పని మనకు కొత్తా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరేసి, కుళ్లిన నీళ్లలో నడుం లోతున నిలబడి నార ఒలిచిన చేతులు ఎవరివి? ఒళ్లంతా దురద, గోళ్లు పాచిపోవడం, పది రోజులు వదలని కంపు. ఆ నార నెల్లిమర్ల, చిట్టివలస మిల్లులకు పోయింది. చిట్టివలస మిల్లు 2009లో మూతపడితే రోడ్డున పడ్డది ఓనర్లు కాదు, కార్మికులు. జనుము నార పేని మోకులు, పలుపులు చేసిందీ మన వాడలే. గంజాయి కాడ నుంచి నార తీయడానికీ అదే పద్ధతి: ఊరెయ్యాలి, ఒలవాలి, ఆరబెట్టాలి. రేపు ఈ పంట మన ప్రాంతానికి వస్తే ఆ నీళ్లలో దిగమనేది మళ్లీ మనల్నే. అందుకని లైసెన్సు మాట్లాడేటప్పుడే కూలి సంగతి, మిషను సంగతి మాట్లాడాలంటున్నాం.

మన్యంలో 20వ సెక్షన్

తెలుగు నేల మీద గంజాయి చట్టం అంటే మనం చూసింది ఒకే ముఖం. 14వ సెక్షన్ ముఖం చూడలేదు, 20వ సెక్షన్ ముఖమే చూశాం. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల్లో మొక్కలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని గుట్టపోసి తగలబెట్టారు. పేపర్లలో ఫోటోలొచ్చాయి.

మత్తు గంజాయి పంట పోవాలి. దాంట్లో మాకు రెండో మాట లేదు. కానీ ఆ పంటకు పెట్టుబడి పెట్టినోడు కొండ మీద ఉండడు. విత్తనం, ఎరువు, అడ్వాన్సు మైదానం నుంచి ఎక్కుతాయి, సరుకు మైదానానికి దిగుతుంది. మధ్యలో మూట మోసిన గిరిజన పిల్లోడు, బండి తోలిన దళిత కుర్రోడు దొరుకుతారు. లాయరు ఫీజు లేక, జామీను ఇచ్చే భూమి కాగితం లేక ఏళ్ల తరబడి లోపలే ఉంటారు.

తూకంలో జరిగే అన్యాయం ఇంకోటి. చట్టం ప్రకారం పూత కొసలే గంజాయి. కానీ కాడలు, ఆకులు, గింజలు, తడి అన్నీ కలిపి కాటా మీద వేస్తే 15 కిలోలు కూడా 20 దాటిపోతుంది. 20 దాటితే బెయిలు తలుపు మూసుకుంటుంది. వేరు చేసి తూచలేదన్న కారణం మీదే కొన్ని హైకోర్టులు బెయిళ్లిచ్చాయి. ఆ సంగతి తెలిసిన లాయరు ఉన్నోడు బయటపడ్డాడు. తెలీనోడు లోపల ఉన్నాడు.

అదే దేశం 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషనులో గంజాయిని అతి ప్రమాదకరమైన మందుల జాబితా నుంచి తీసెయ్యాలని ఓటేసింది. అక్కడ అంత ఉదారంగా ఉన్న చెయ్యి మన్యంలో లాఠీ పట్టుకుంది.

'గంజాయిని సమర్థిస్తున్నారా?' అనేవాళ్లకు

మమ్మల్ని ఈ మాట అడిగేవాళ్లుంటారు. మత్తు ఎవరి కొంప కూల్చిందో మాకు ఒకరు చెప్పాలా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్లు కూలీనాలీ జనం. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకితే 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ తల్లుల దారే మాది. మన కుర్రోళ్ల చేతికి గంజాయి పొట్లం ఇచ్చేవాడు మనకు శత్రువే.

కానీ సర్కారు నీతులు చెబితే ఒప్పుకోం. ఇంగ్లీషోడి కాలంలో గంజాయి మీద పన్ను తిన్నారు. 1893-94లో కమిషను వేస్తే, పూర్తిగా నిషేధించక్కర్లేదు, లైసెన్సులూ పన్నులతో అదుపు చెయ్యమని అది సలహా ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణాలు నడిచాయి. 1985లో అది ఘోర నేరమైంది. ఇప్పుడు కంపెనీలకు నార, గింజ కావాలి కాబట్టి మళ్లీ తలుపు తీస్తున్నారు. మొక్క ఎప్పుడూ ఒకటే. పన్ను ఎవరికి, లాభం ఎవరికి అనే లెక్క మారినప్పుడల్లా నీతి మారింది.

మా డిమాండ్లు

తెలుగు రాష్ట్రాల్లో నార గంజాయి సాగుకు 14వ సెక్షన్ కింద ఉత్తర్వు ఇస్తే, ఈ షరతులతోనే ఇవ్వాలి:

1. నిబంధనలు తెలుగులో అచ్చేసి, గ్రామసభల్లో చదివి వినిపించి, అభిప్రాయం తీసుకున్నాకే ఉత్తర్వు రావాలి.

2. మొదటి లైసెన్సులు దళితులు, ఆదివాసులు, భూమిలేని ఆడవాళ్ల సహకార సంఘాలకే ఇవ్వాలి. సంఘానికి ప్రభుత్వమే భూమి చూపించాలి. భూమి రాజ్యం చేతిలో ఉండాలి, కులం చూడకుండా ఊరి జనం కలిసి సాగు చెయ్యాలి అని బాబాసాహెబ్ అంబేద్కర్ 1947లోనే రాసిపెట్టారు.

3. ఏజెన్సీలో కంపెనీకి గానీ, గిరిజనేతరుడికి గానీ ఈ పంట పేరుతో ఒక్క సెంటు కౌలు ఇవ్వకూడదు. 1/70 చట్టం ఉంది, 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఉంది. వెనక దారిలో వాటిని దాటనివ్వం.

4. లైసెన్సు సాగు చేసేవాడి పేరునే ఉండాలి. కౌలుదారుకు ఆసామి సంతకం అడగకూడదు.

5. విత్తనం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే ఇవ్వాలి. లైసెన్సు పంటలో టీహెచ్‌సీ గీత దాటితే రైతు మీద, కూలీ మీద 20వ సెక్షన్ పెట్టకూడదు. పంట నాశనం చేస్తే విత్తనం ఇచ్చినవాడే పూర్తి నష్టపరిహారం కట్టాలి.

6. జిల్లాకొక పరీక్ష ల్యాబు ఉండాలి. శాంపిలు మూడు భాగాలు చేసి ఒకటి రైతు చేతికివ్వాలి. రెండోసారి పరీక్ష అడిగే హక్కు ఉండాలి.

7. విత్తే ముందే ధర రాతలో ఉండాలి. నార తీసే మిషన్లు సంఘాల సొంతం కావాలి. మనిషిని కుళ్లునీళ్లలో దించే పద్ధతి ఒప్పుకోం.

8. జైళ్లలో విచారణ ఖైదీలుగా ఉన్న దళిత, ఆదివాసీ కూలీల కేసుల్ని, తూకం లెక్కతో సహా, మళ్లీ పరిశీలించాలి.

అందాకా జాగ్రత్త

ఊళ్లో వాళ్లకు, కార్యకర్తలకు మా హెచ్చరిక. రేపు ఎవరన్నా వచ్చి 'ఇది హెంపు, మత్తుండదు, కేసు కాదు, గింజలు మేమే ఇస్తాం, పంట మేమే కొంటాం' అంటే నమ్మి విత్తకండి. మత్తు లేదన్న మాట పోలీసు దగ్గర చెల్లదు. మీ పేరున, మీ సర్వే నంబరున, 14వ సెక్షన్ కింద ప్రభుత్వం ఇచ్చిన కాగితం చేతిలో లేకుండా ఒక్క గింజ కూడా నాటొద్దు. కంపెనీ పేరున ఉన్న లైసెన్సు జిరాక్సు మిమ్మల్ని కాపాడదు. గోగు, జనుము వేరే జాతులు, వాటికీ ఈ చట్టానికీ సంబంధం లేదు. గోగు ఆకు చూసి ఎవరన్నా బెదిరిస్తే బెదరొద్దు.

మీ భూమిలో ఎవరన్నా ఈ మొక్క వేస్తే, తెలిసీ చెప్పకపోతే 46వ సెక్షన్ కింద మీ మీదే కేసు. సర్పంచ్, వార్డు మెంబర్లకు 47వ సెక్షన్ కింద అదే బాధ్యత. మన రిజర్వుడు సీటు సర్పంచులు ఇది గుర్తుంచుకోవాలి. పెత్తందారు తోటలో మొక్కకు మన సర్పంచ్ ఎందుకు బలి కావాలి?

అరెస్టయితే: ఒంటిమీద సోదా చేసే ముందు గెజిటెడ్ అధికారి గానీ, మెజిస్ట్రేటు గానీ ఉండాలని అడిగే హక్కు 50వ సెక్షన్ ఇచ్చింది. అధికారులు స్టేషన్లో రాయించుకున్న ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020 అక్టోబరులో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెల్లకాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు ఇవ్వాలని 1987 చట్టం చెబుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. తూకం ఎట్లా వేశారో, కొసలు వేరు చేశారో లేదో ఆ లాయరుతో మొదటి రోజే అడిగించండి.

సంఘాల వాళ్లు వచ్చే గ్రామసభలో ఈ ఎనిమిది డిమాండ్లు చదవండి. తీర్మానం రాయించి, నకలు తీసుకుని, కలెక్టరుకు పంపండి. కంపెనీలోళ్లు సెక్రటేరియట్‌లో మాట్లాడుకుని ఉత్తర్వు తెచ్చుకున్నాక మనం గేటు బయట నిలబడి అరిస్తే లాభం లేదు. ఉత్తర్వు రాకముందే మన మాట ఫైల్లోకి ఎక్కాలి. చెరువులో దిగేది మనమైతే లైసెన్సు మీద పేరూ మనదే ఉండాలి.

జై భీమ్!